తడిబట్టలతో చెప్పిన మాట

గురువారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. చేతిపంపు దగ్గర రెండు బిందెల నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుని, ఒంటి మీది చీరతోనే నడిచి వచ్చి నేను పోచమ్మ గద్దె ముందు నిలబడిన సమయం అది. చలికాలం. ఎండ ఉంది కానీ ఒంటికి అందలేదు. గంట ఎంతయిందో చెప్పింది నాతో బీడీలు చేసే ఒకామె, చేతిలో ఫోను చూసి. ఎవరూ అడగలేదు, తనంతట తనే చెప్పింది. రేపు ఎవరైనా మాట మారిస్తే గుర్తుండాలట. మా ఊళ్ళో ఇప్పుడు అలా అయింది. ఎవరు నోరు తెరిచినా ముందు టైం చూసుకుంటున్నారు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు దిగి, లోపలికి మూడు కిలోమీటర్లు నడిస్తే మా ఊరు. మగవాళ్ళలో సగం మంది మస్కట్, దుబాయి. ఆడవాళ్ళం ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టుకుంటూ బతికాం. నన్నూ నా చెల్లెనూ ఒకే ఇంటికి ఇచ్చారు, అన్నదమ్ములకు. నా మనిషి పోయి చాలా ఏండ్లయింది. చెల్లె మొగుడికి పక్షవాతం, ఎడమ పక్క పనిచేయదు, మంచం మీదే ఉంటాడు. వాళ్ళ ఇల్లు ఊరి చివర, గుట్ట కింద. గోడలు చెల్లె స్వయంగా మట్టి మోసి, ఇటుక మోసి లేపుకుంది. పైన సిమెంటు రేకులు. ఆ ఇల్లు తప్ప దానికి ఇంకేం లేదు. నేను చెప్పబోయేది ఆ ఇంటి సంగతి.

ముందు నా చదువు గురించి చెప్పాలి, ఎందుకంటే పాపం అక్కడే మొదలైంది. నలభై అయిదేండ్ల దాకా నాకు అక్షరం ముక్క రాదు. ఒకసారి కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు అనుకుని ఎక్కి భిక్నూర్‌లో దిగాను. కండక్టరు అందరి ముందూ, బోర్డు మీద రాసింది కనబడదా, కండ్లు ఇంట్లో పెట్టి వచ్చినవా అన్నాడు. రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. ఆ ఏడే సాయంత్రం బడికి పోయాను. బీడీలు చుట్టే వేళ్ళకు బలపం పట్టడం కష్టం, దారం ముడేసినట్టు గట్టిగా పట్టి విరగ్గొట్టేదాన్ని. అయినా రెండేండ్లలో చదవడం వచ్చింది. మెల్లగా, పెదవులు కదిలిస్తూ చదువుతాను. ఇప్పటికీ అంతే.

నాకు వచ్చాక ఊరుకోలేదు. మా బీడీల గుంపు ఎనిమిది మందిమి, నా చెల్లెతో కలిపి. ఒక్కొక్కరికీ సంతకం నేర్పాను. చాట వెనక తంబాకు దుమ్ములో వేలితో రాయించాను. సంతకం మాత్రమే, చదవడం రాదు వాళ్ళకు. అయినా అది మాకు పెద్ద సంగతి. ఎక్కడికి పోయినా సిరా డబ్బా ముందుకు తోస్తే, అక్కర్లేదు, పెన్ను ఇవ్వు అనేవాళ్ళం. కాగితం ఏదో తర్వాత అడిగేవాళ్ళం, ముందు పెన్ను అందుకునేవాళ్ళం. ఆ పొగరు నేను నేర్పిందే.

గుట్టను కంకరకు ఇస్తున్నారని మాట పుట్టినప్పుడు మొట్టమొదట భయపడింది నా చెల్లె. రాయి పేల్చే చోటికీ దాని ఇంటికీ మధ్య తుమ్మ చెట్లు తప్ప ఏమీ లేవు. మేమందరం పోయి సర్పంచ్‌ను అడిగాం. ఆయన మా కండ్ల ముందు పెరిగినవాడే. నవ్వి, ఇంకొకవైపు తవ్వుతారు, మీ ఇండ్ల వైపు రారు అన్నాడు. మా గుంపులో అందరికంటే పెద్దామె ఒకతి ఉంది, పండ్లు లేవు, నోరుంది. మాట వద్దు, పోచమ్మ ముందు తడిబట్టలతో చెప్పమను అంది.

తడిబట్టల ప్రమాణం మా దగ్గర ఆషామాషీ కాదు. గొడ్డు పోయిందనో, గట్టు జరిపాడనో నింద పడితే, మనిషి నీళ్ళు పోసుకుని, ఆ తడి ఆరకముందే గద్దె మీద చెయ్యి పెట్టి చెప్పాలి. అబద్ధం చెప్పినవాడు నలభై ఒక్క రోజులు దాటడని నమ్మకం. నా చిన్నతనంలో ఒకడు బిందె ఎత్తబోయి, మళ్ళీ కింద దించి, నీళ్ళు పోసుకోకుండానే తప్పు ఒప్పుకోవడం నేను చూశాను. ఠాణా ఎంత దూరమున్నా మాకు నడిచిందంటే దీనివల్లే.

ముగ్గురు వచ్చారు. సర్పంచ్, కంకర మిషన్ పెట్టే కామారెడ్డి సేఠ్, ఇంకా గుట్ట మీద ఆశ్రమం కట్టుకున్న స్వామి. ఆ స్వామి దగ్గరికి ఊరంతా పోయేది. పిల్లలకు పేర్లు ఆయనే పెట్టేవాడు. సర్పంచ్ నిండు బిందె పోసుకున్నాడు, పాపం అనకూడదు. సేఠ్ చెంబుతో భుజాల మీద చల్లుకుని, తనకు తొందరగా సర్ది చేస్తుందన్నాడు. స్వామి తాను తెల్లవారుజామునే స్నానం చేశానని, తన బట్ట ఎప్పుడూ తడిగానే ఉంటుందని చెప్పాడు. పండ్లు లేని మా పెద్దామె పక్కకు తిరిగి, గీ తడి మూతి దాకనే ఉన్నది అంది. నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది.

సర్పంచ్ గద్దె మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "ఇండ్ల దిక్కు ఒక్క బాంబు గూడ పెట్టం. పెడితే మా కండ్లు పోతయి." మిగిలిన ఇద్దరూ అదే అన్నారు. నా చెల్లె అక్కడే నేల మీద కూర్చుని మొక్కింది. స్వామి కాళ్ళకు కూడా మొక్కింది.

పది రోజులకు పంచాయతీ ఆఫీసుకు రమ్మని చాటింపు వేశారు. వీధి దీపాల గురించి, మురుగు మోరీల గురించి మీటింగని చెప్పారు. పోయాం. ఆడవాళ్ళు కింద జంపఖానా మీద కూర్చున్నారు. నేను కూడా కూర్చోబోతుంటే సర్పంచ్ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, సదువుకున్న పెద్దమ్మవు నువ్వు కింద కూసుంటవా అని, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి తన పక్కన వేశాడు. నా ఒక పక్క సర్పంచ్, ఇంకో పక్క స్వామి. నా బతుకులో ఆఫీసు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. కింద కూర్చున్న నా చెల్లె నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, సంతోషంగా.

రిజిస్టరు మొదట నా ఒళ్ళో పెట్టారు. హాజరు సంతకాలన్నారు. పేజీ పైభాగం ఖాళీ. ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు. పెన్సిలుతో సన్నగా రెండు లైన్లు రాసి ఉన్నాయి, తర్వాత పెన్నుతో దిద్దుకోవడానికి. నేను చదివాను. గుట్ట. రాయి తీయుటకు. గ్రామస్తులకు అభ్యంతరం లేదు.

నేను పెదవులు కదిలిస్తూ చదువుతానని చెప్పాను కదా. ఆ రోజు పెదవులు కదలనివ్వలేదు. నేను చదువుతున్నట్టు ఎవరికీ తెలియకూడదనుకున్నాను. ఎందుకు? ప్రమాణం చేశారు కదా, ఎటూ ఇండ్ల వైపు రారు కదా అనుకున్నానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి వేరు. ఇదేందని నేను అడిగితే ఆ కుర్చీలోంచి లేవాల్సి వస్తుంది. లేవబుద్ధి కాలేదు. అంతే. సంతకం పెట్టాను, పెద్ద అక్షరాలతో. రిజిస్టరు కిందికి ఇచ్చాను. నేను పెట్టాను కాబట్టి మిగతా ఏడుగురూ పెట్టారు. వాళ్ళు పెట్టారు కాబట్టి ఊరు పెట్టింది.

వర్షాలు వెనకబట్టాక మిషన్లు వచ్చాయి. మొదట అటువైపే తవ్వారు. నెల తిరక్కముందే ఇటు తిరిగారు. మధ్యాహ్నం మూడింటికి సైరన్ కూస్తుంది. గుట్ట కింద ఇండ్లవాళ్ళు పది నిమిషాల్లో రోడ్డు దాకా పోవాలి. అందరూ పోయేవాళ్ళు. నా చెల్లె ఎట్లా పోతుంది? మంచం మీది మనిషిని ఎవరు ఎత్తుతారు? రెండు బొంతలు అతని మీద కప్పి, పక్కనే కూర్చుని అతని చెవులు మూసేది. దాని చెవులు మూయడానికి దానికి చేతులు మిగిలేవి కావు. నేను పోయి కూర్చున్న రోజులున్నాయి, పోని రోజులు ఎక్కువ.

సర్పంచ్ ఇంటికి పోతే దొరకలేదు, ఫోను ఎత్తడం మానేశాడు. స్వామి దగ్గరికి పోతే, భూమి కదలడం శుభమని, గుట్ట మీద కొత్త గుడి లేస్తుందని, దానికి రాయి సేఠ్ ఉచితంగా ఇస్తున్నాడని చెప్పాడు. చర్చికి పోయేవాళ్ళు పాస్టరును అడిగితే ప్రార్థన చేద్దామన్నాడు. చర్చి చుట్టూ కొత్త ప్రహరీ అదే కంకరతో లేచింది. మొదటి బాంబు ఇటు పేలిన నాటి నుంచి మేము రోజులు లెక్కబెట్టాం. నలభై ఒకటి దాటాయి. ముగ్గురిలో ఎవరికీ కన్ను పోవడం కాదు కదా, రెప్ప కూడా అదరలేదు. సర్పంచ్ కొత్త కారు కొన్నాడు. పండ్లు లేని పెద్దామె గద్దె వైపు చూసి, పోచమ్మ గూడ గా కార్లనే ఎక్కి పోయింది అంది. అప్పుడు ఎవరమూ నవ్వలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఒక గొర్రె పోతే కూడా ఎవరూ తడిబట్టలు అడగలేదు. అడిగి ఏం లాభం?

గోడలు పగిలాయని చెప్పడానికి చెల్లె, నేను ఎల్లారెడ్డి పోయాం. అక్కడి ఆఫీసులో ఒక గుమాస్తా, మంచివాడే, కాగితాలు వెతికి ఒకటి మా ముందు పెట్టాడు. అవ్వా, మీ ఊరే ఒప్పుకున్నది గదా అన్నాడు. అన్నింటికంటే పైన నా సంతకం. చెల్లెకు చదువు రాకున్నా నా సంతకం తెలుసు, దాన్ని చూసే కదా తనది నేర్చుకుంది. చాలాసేపు వేలు దాని మీద పెట్టి చూసింది.

తిరుగు బస్సులో అడిగింది, పైన రాసింది అప్పుడు ఉండెనా అక్కా అని. లేకుండె, ఖాళీగుండె అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాను. అది నమ్మింది. ఆ రోజుల్లో అది నమ్మిన మనిషిని నేనొక్కదాన్నే.

తర్వాత ఒకరోజు సైరన్ కూసింది. చెల్లె గడపలో బీడీలు చుట్టుకుంటున్నదల్లా చాట అక్కడే దింపి లోపలికి పోయి మొగుడి చెవులు మూసింది. తలకాయంత రాయి రేకు పగలగొట్టుకుని వచ్చి ఆ చాట మీద పడింది. మనిషికి ఏం కాలేదు. నేను పోయేసరికి తంబాకు ఇల్లంతా చెదిరి ఉంది, అది ఏరుకుంటూ కూర్చుంది. మరునాడు మొగుణ్ణి ట్రాలీ ఆటోలో మంచంతో సహా ఎక్కించుకుని ఎల్లారెడ్డిలో ఒక కిరాయి గదికి పోయింది. ఇంటికి తాళం వేసింది. రేకులో బొక్క పెట్టుకుని తాళం ఎందుకని ఎవరో అన్నారు. వేసింది.

నేను కామారెడ్డి పోయి, కలెక్టరేటు బయట దరఖాస్తులు రాసే ఒక పెద్దమనిషిని పట్టుకున్నాను. ఆయన అంతా విని ఒక్కటే తొవ్వ ఉందన్నాడు. సంతకం పెట్టినవాళ్ళే వచ్చి, పైన రాసింది మాకు తెలియదు, హాజరని చెప్పి పెట్టించుకున్నారు అని మళ్ళీ సంతకాలతో ఇవ్వాలి. మొదటి ఎనిమిది మంది ఇస్తే చాలు, పని ఆపి విచారణ చేస్తారు. విచారణ అయ్యేదాకా పేల్చరు. పేల్చకపోతే చెల్లె ఇంటికి రావచ్చు. కాగితం రాయించుకుని పరుగున వచ్చాను.

ఒక్కరూ పెన్ను పట్టలేదు.

వాళ్ళను తప్పు పట్టను. గడప గడపకూ తిరిగాను. మేక పిల్లకు ఆకు వేస్తూ ఒకామె, మళ్ళ కాయితమా అంది, అంతే. అత్తాకోడళ్ళు ఇద్దరూ తలుపు సగమే తీశారు. రాసింది చదివి వినిపిస్తానంటే, చదివేది నువ్వే కదా అన్నారు. ఇరవై ఏండ్లు నేను చదివిందే వేదమన్నవాళ్ళు. సర్పంచ్ మీద పోయిన నమ్మకం, స్వామి మీద పోయిన నమ్మకం నడుచుకుంటూ నా ఇంటి దాకా వచ్చింది. రావాల్సిన చోటికే వచ్చింది.

చివరికి మాట ఒకటి తెగింది. నేను తడిబట్టలతో గద్దె ముందు నిలబడి, పైన రాసింది నాకు తెలియదని చెప్పాలి. చెప్తే ఏడుగురూ పెడతారు. అది అడిగింది వాళ్ళు కాదు. ఎల్లారెడ్డి నుంచి ఫోనులో నా చెల్లె అడిగింది. అందరూ వదిలేసిన ఆ ప్రమాణాన్ని అదొక్కతే ఇంకా పట్టుకుని ఉంది.

గురువారం పొద్దున చేతిపంపు దగ్గర నాకు నీళ్ళు కొట్టడానికి మా గుంపులో ఒకామె వచ్చింది. మిగతావాళ్ళు గద్దె దగ్గర ఉన్నారు. ఆమె బిందె నింపుతూ, తల ఎత్తకుండా మెల్లగా చెప్పింది.

"అక్కా, నాకు తెల్వదు అను. గంతే. గా ముగ్గురు అనలేదా? ఏమన్నయిందా ఆళ్ళకు?"

ఆమెకు తెలుసు. ఆ రోజు జంపఖానా మీద కూర్చుని నా ముఖం చూసిందో ఏమో, ముందు నుంచీ తెలుసు. తెలిసే చెప్పింది, నా చెల్లె కోసం చెప్పింది. ఆ రెండు మాటలు అంటే సాయంత్రానికి ఎనిమిది సంతకాలు వస్తాయి, సోమవారం కాగితం కామారెడ్డిలో ఉంటుంది. ఇల్లు నిలుస్తుంది. నాకు ఏమీ కాదని నాకు కూడా తెలుసు. కండ్లు పోవు. ఇప్పుడు ఎవరి కండ్లూ పోవడం లేదు.

నీళ్ళు పోసుకున్నాను. నడిచాను. చలికి పండ్లు కొట్టుకుంటున్నాయి. దారిలో ఆ రెండు మాటలే అనుకుంటూ పోయాను. గద్దె మీద చెయ్యి పెట్టేదాకా అవే అందామని ఉన్నాను.

పొద్దుటి బస్సు దిగి వచ్చిన చెల్లె ఎదురుగా నిలబడింది. కిరాయి గదిలో నిద్ర లేక ముఖం పీక్కుపోయింది.

"సదివినవా లేదా అక్కా, గదొక్కటే చెప్పు."

నోట్లోంచి వేరే వచ్చింది. "సదివిన. గుట్ట అని ఉండె. అభ్యంతరం లేదని ఉండె. సదివి, సప్పుడు చెయ్యక కుర్చీల కూసున్న. బస్సుల నీకు అబద్ధం చెప్పిన."

ఎందుకు చెప్పానో గొప్పగా రాయలేను. నిజం చెప్పాలని కాదు. దాని ముఖం చూసి, బస్సులోలాగా నా ముఖం తిప్పుకోవడానికి అక్కడ కిటికీ లేకపోయింది, అంతే అనుకుంటాను.

ఎవరూ అరవలేదు. ఫోను పట్టుకున్నామె దాన్ని కొంగులో కట్టుకుంది. మేకలామె, ఆళ్ళకు నీకు ఫరక్ ఏందక్కా అంది, తిట్టినట్టు కాదు, తెలుసుకుందామన్నట్టు. వాళ్ళు తిన్నది పెద్ద మూట, నేను తిన్నది అరగంట కుర్చీ. తక్కువకు అమ్ముడుపోయినవాళ్ళు మంచివాళ్ళని ఎక్కడ రాసి ఉంది?

"గీ మాట ఆ దినం అంటే అయిపోవు గదనే" అంది చెల్లె. మాకు పెండ్లిళ్ళు కాకముందు నన్ను అలా, మాట చివర నే పెట్టి పిలిచేది. తర్వాత బస్సుకు టైం అయిందని రోడ్డు వైపు నడిచింది. నేను వెనక పోలేదు. తడి చీర కాళ్ళకు చుట్టుకుని ఉంది, పోయినా అందుకునేదాన్ని కాదు.

సోమవారం నేనొక్కదాన్నే కామారెడ్డి పోయాను. తెలియదన్న మాట కొట్టేయించి, నేను చదివాను, చదివి దాచాను, మిగతావాళ్ళకు తెలియదు అని రాయించాను. కింద నా సంతకం ఒక్కటే. తీసుకున్నాయన రెండు వైపులా తిప్పి చూసి, మిగిలినవాళ్ళు ఏరీ అన్నాడు. రాలేదన్నాను. తీసుకుని ముద్ర వేశాడు, చూస్తామన్నాడు. ఇది రాస్తున్న రోజు దాకా సైరన్ మూడింటికి కూస్తూనే ఉంది. చెల్లె ఇంటి వెనక గోడ సగం పడింది. అది ఇంకా ఎల్లారెడ్డిలోనే ఉంది. నేను రెండుసార్లు పోయాను. మరిది నన్ను చూసి కుడి చెయ్యి ఎత్తాడు. చెల్లె నీళ్ళిచ్చింది. కూర్చోమనలేదు.

ఆ గురువారం గద్దె దగ్గర ఉన్నవాళ్ళను చెప్తాను. పేర్లు రాయను, వాళ్ళ బతుకు వాళ్ళకుంది, కానీ ఊళ్ళోవాళ్ళకు తెలుస్తుంది. సర్పంచ్, సేఠ్, స్వామి లేరు, వాళ్ళను ఎవరూ పిలవలేదు. ఫోనులో గంట చూసి చెప్పినామె ఉంది, మొగుడు మస్కట్‌లో ఉన్నది ఆమెకే. చేతిపంపు దగ్గర నాకు నీళ్ళు కొట్టినామె. మేకలామె. అత్త, ఆమె వెనక కోడలు. పండ్లు లేని పెద్దామె, కూర్చోవడానికి రాయి కూడా తీసుకోకుండా ఆసాంతం నిలబడే ఉంది. నా చెల్లె. నేను.